పద్దెనిమిది నిండితే బాలసదనం వదలాలి... చదువు మానేయాలా?

ప్రశ్న: అమ్మానాన్న లేరు. ఏడేళ్ల వయసు నుంచి బాలసదనంలోనే ఉన్నాను. ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. మే నెలలో పద్దెనిమిదేళ్లు నిండుతాయి. బీఎస్సీ నర్సింగ్ చదవాలని ఉంది. అందరూ ఏదైనా షాపులో పని చూసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?
- ఓ విద్యార్థిని, నల్గొండ జిల్లా

జవాబు: నర్సింగే చదవండి. అయితే జూన్‌లో ఎక్కడ ఉంటారన్నది ముందు తేల్చుకోవాలి. ఇంట్లో పెరిగినవాళ్లకు పరీక్ష తప్పినా, ఉద్యోగం పోయినా తిరిగి వెళ్లడానికి ఒక గడప ఉంటుంది. మీకు మాత్రం ఒక్క పుట్టినరోజుతో అన్నీ ముగిసిపోవాలనడం అన్యాయం. చట్టం కూడా అలా అనలేదు. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం సదనం వదిలాక 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకు ఆఫ్టర్ కేర్ సాయం, అంటే సొంత కాళ్లపై నిలబడేదాకా ప్రభుత్వం ఇచ్చే ఆసరా, పొందే వీలుంది. కేంద్ర ప్రభుత్వ బాలల పథకం మిషన్ వాత్సల్య కింద అది నెలకు రూ.4,000. అడగనివారికి ఇది అందడం అరుదు. ఇప్పుడే జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి రాతపూర్వకంగా దరఖాస్తు చేసి, బాలల సంక్షేమ కమిటీకి ఒక ప్రతి ఇచ్చి, రెండు చోట్లా రసీదు తీసుకోండి.

మరో ముఖ్య విషయం. పదేళ్లలోపే తల్లిదండ్రులను కోల్పోయి, చూసుకునేవారెవరూ లేక ప్రభుత్వ ఆశ్రయంలో చేరిన పిల్లలు మన రాష్ట్రంలో బీసీ-ఏ కిందికి వస్తారు. మీకు ఇది వర్తించేలా ఉంది. సీటుకూ, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ పనికొస్తుంది. తహసీల్దార్ కార్యాలయంలో ధ్రువపత్రానికి ఇప్పుడే ప్రయత్నించండి.

మీ ఆధార్, బ్యాంకు ఖాతా ఏ ఫోను నంబరుతో ఉన్నాయో చూశారా? చాలామంది సదనం పిల్లలకు అది సూపరింటెండెంట్ గారి నంబరే. రేపు నెట్ సెంటర్‌లో కూర్చుని మీరు వెబ్ ఆప్షన్లు పెడుతుంటే ఓటీపీ ఆవిడ ఫోనుకు వెళుతుంది. ఆవిడ బదిలీ అయితే మీ సీటు అక్కడే ఆగిపోతుంది. సొంత సిమ్ తీసుకుని నంబరు మార్పించుకోండి.

గంట కొడితే లేచి, గంట కొడితే తిని పెరిగినవారికి నెల ఖర్చు లెక్క వేయడం, ఒంటరిగా బ్యాంకుకో ఆస్పత్రికో వెళ్లడం కొత్తగా ఉంటాయి. అది మీ లోపం కాదమ్మా, మీ చేత ఎవరూ చేయించలేదు. ఈ కొద్ది నెలల్లో ఆ పనులు మీరే చేస్తానని అడగండి. పెద్దలు ఏం చెప్పినా సరేననడమూ అక్కడ అలవాటైపోతుంది. షాపు పని విషయంలో మాత్రం సరేననకండి.

హాస్టల్ ఉన్న కాలేజీనే ఎంచుకోండి. బీఎస్సీలో సీటు రాకపోతే మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా జీఎన్ఎం ఉంది. దసరా, సంక్రాంతి సెలవులకు హాస్టల్ మూసేస్తే ఎక్కడ ఉండాలో కూడా ఆఫ్టర్ కేర్ దరఖాస్తులోనే రాసి అడగండి.