గ్లోబలైజేషన్, మీడియా వల్ల మన తెలుగు సంస్కృతి పోతోందా?

పోతోందా అంటే, మొత్తం ఏం పోవట్లేదు గానీ ఈ ప్రశ్న కనిపించినప్పుడల్లా కింద కామెంట్లలో జనం పిజ్జాలు, జీన్సులు, వాలెంటైన్స్ డే అంటూ అమెరికా మీద పడిపోతారు చూడండి, అది చూస్తే నాకు ఒళ్లు మండుద్ది. మా ఇళ్లల్లోకి వచ్చింది అమెరికా కాదండీ బాబూ, ఢిల్లీ వాళ్ల పెళ్లి. 1995లో ఈటీవీ, జెమిని మొదలయ్యాయి, కేబుల్ ఊరూరా పాకింది, ఆ తర్వాత హిందీ పెళ్లి సినిమాలు, డబ్బింగ్ సీరియళ్లు, ఇప్పుడు రీల్స్. మా అమ్మ వాళ్ల తరంలో మా చుట్టాల్లో ఎవరి పెళ్లికీ సంగీత్ లేదు. గోరింటాకు అందరూ పెట్టుకున్నారు, దానికి స్టేజీ మాత్రం ఎవరూ కట్టలేదు.

మాది దుగ్గిరాల దగ్గర ఊరు, పసుపు పండించే కుటుంబం. వానలు మొదలవ్వగానే నాటితే సంక్రాంతి దాటాక తవ్వుతారు, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించి యార్డుకి తోలేదాకా ఇంట్లో అన్నం కూడా అదే వాసనొస్తది. అలాంటి ఇంట్లో మా బాబాయి కూతురి పెళ్లికి "హల్దీ" అని ఈవెంట్ వాళ్లకి ఇచ్చారు. వాకిలంతా పసుపు గుడ్డలు, ప్లాస్టిక్ బంతిపూలు, అందరికీ డ్రెస్ కోడ్. మా నాయనమ్మ మామూలుగానే సున్నిపిండి, నువ్వుల నూనె, మా చేలో పసుపు గిన్నెల్లో పెట్టుకుని వచ్చింది. మేకప్ అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టేసింది, "వద్దు మామ్మగారూ, లెహెంగా రెంట్‌ది, ఆ పసుపు అంటితే పోదు, కెమెరాలో ఫేస్ కూడా మరీ పచ్చగా వస్తది" అని. తర్వాత వాళ్లే ఏదో పచ్చ క్రీమ్ ట్యూబు తీసి బుగ్గలకి చెరో చుక్క పెట్టారు, పైనుంచి పూలరేకులు పోశారు. ఊరందరికీ పసుపమ్మే ఇంట్లో పెళ్లికూతురికి పసుపు బయటనుంచొచ్చింది!

నాయనమ్మ నలుగు పాట అందుకుంటే కెమెరా అబ్బాయి "ఆ పాట తర్వాత, ముందు ఎంట్రీ" అన్నాడు, డీజే మోగింది, ఆవిడ పక్కన కుర్చీలో కూర్చుంది. అంతా అయ్యాక మళ్లీ పిలిచారు, రీల్‌కి కావాలట, రెండు ముక్కలు పాడితే చాలట. పాడింది. లైటింగ్ సరిగ్గా రాలేదు, ఇంకోసారి అన్నారు. "నలుగు పాటకి ఇంకోసారేందిరా, దేవుడికి వినపళ్లేదా?" అంది, మేం నవ్వాం గానీ ఆవిడ జోక్ వెయ్యలేదు.

అసలు పెళ్లిళ్లలో ఇప్పుడు పెద్దరికం ఫొటోగ్రాఫర్‌దే. పంతులుగారు కూడా ముహూర్తం పక్కనపెట్టి అతని మొహం చూసి తాళి కట్టిస్తున్నాడు. పీటల చుట్టూ వాళ్లే నిలబడితే ముందు వరసలో కూర్చున్నా మనకి వాళ్ల వీపులే కనిపిస్తాయి.

అయితే ఆ రీల్ చూసి డాలస్‌లో ఉన్న మా మేనత్త కూతురు ఫోన్ చేసింది, పాట మొత్తం కావాలని. నాయనమ్మకి గుర్తున్న పాటలన్నీ వాట్సాప్‌లో రికార్డు చేసి పంపాం. ఊళ్లో ఉన్న మేం ఒక్కళ్లం కూడా అంతకుముందు అడగలేదు. కాబట్టి మీడియాని మరీ తిట్టలేను.

ఇంకోటి, "పాత రోజుల్లో పెళ్లిళ్లే పెళ్లిళ్లు" అనేవాళ్లతో నాకు అస్సలు పడదు. మా ఊళ్లో సన్నాయి ఊదే కుటుంబం తరతరాలుగా ఆ పనే చేసింది, ఇచ్చిన ధాన్యం తీసుకుని, భోజనాలు అందరివీ అయ్యాక చివర్లో తిని. వాళ్ల అబ్బాయే ఇప్పుడు డీజే పెట్టాడు. తండ్రిని "ఒరేయ్" అని పిలిచిన ఇళ్లవాళ్లే ఇతన్ని "బ్రో, డేట్ ఉందా" అని బతిమాలతారు, అడ్వాన్స్ ఇవ్వకపోతే అతను రాడు. సన్నాయి నేర్చుకోలేదేమని అతన్ని అడిగే హక్కు నాకైతే లేదు. సంస్కృతి పోయిందని ఏడ్చేవాళ్లు ముందు తమ పిల్లల్ని పంపించి సన్నాయి నేర్పించమనండి.

వచ్చే మాఘంలో మా తమ్ముడి పెళ్లి, డీజే ఆ అబ్బాయిదే. నలుగు మాత్రం తెల్లారుజామున పెరట్లో, సొంత పసుపుతో, కెమెరా లేకుండా అని అమ్మ ముందే చెప్పేసింది. ఫొటోగ్రాఫర్ అప్పట్నుంచీ "క్యాండిడ్స్ మిస్సయిపోతాం ఆంటీ" అని రోజూ ఫోనే.