కంటి ఎక్సర్‌సైజులు చేస్తే, క్యారెట్ తింటే కళ్ళజోడు పోతుందా?

పోదండి, ఒకసారి వచ్చిన సైటు వాటితో తగ్గదు. దూరంవి మసగ్గా కనపడేవాళ్ళలో ఎక్కువమందికి కనుగుడ్డు వెనక్కి కాస్త పొడుగు పెరిగి ఉంటుంది, దాంతో కంటి లోపల వెనకాల ఉండే రెటీనా అనే పొర మీద పడాల్సిన వెలుగు దానికి ముందే ఫోకస్ అయిపోతుంది, ఒక్క మిల్లీమీటరు పెరిగినా సుమారు 2.5 నుంచి 3 దాకా మైనస్ పవర్ వచ్చేస్తుంది. కళ్ళు గుండ్రంగా తిప్పినంత మాత్రాన ఆ పొడుగు తగ్గదు కదా. క్యారెట్ మంచిదే, కానీ అది పనికొచ్చేది విటమిన్ ఎ తక్కువై రేచీకటి వచ్చినవాళ్ళకి.

మరి కొందరికి తగ్గినట్టు ఎందుకనిపిస్తుందంటే, బెంగళూరులో మారతహళ్ళి ఆఫీసులో రోజంతా ల్యాప్‌టాప్ చూసి బయటికొస్తే ఎదురుగా వచ్చే బస్సు నంబర్ అలుక్కుపోయినట్టు ఉంటుంది, కాసేపటికి క్లియర్ అవుతుంది, అది కంటి కండరాల అలసట అంతే, పవర్ మాత్రం అలాగే ఉంటుంది. దానికైతే 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోకి 20 సెకన్లు చూడండి, హాయిగా ఉంటుంది.

చాలామంది జోడు పెట్టుకుంటే పవర్ పెరుగుతుందని పిల్లలకి మాన్పించేస్తారు, దయచేసి ఆ పని చేయకండి, పెరిగేది ఎదిగే వయసులో కన్ను సాగడం వల్ల, జోడు వల్ల కాదు. ఇంకా సైటు రాని పిల్లలు రోజూ ఓ 2 గంటలు పగటి వెలుతురులో ఆడుకుంటే అది వచ్చే అవకాశం తగ్గుతుంది.