రెండు సెకన్లే కదా, పర్మిషన్ ఎందుకు?

ప్రశ్న: నమస్తే మేడమ్. డిగ్రీ చదువుతూ రాత్రిళ్ళు ల్యాప్‌టాప్‌లో బీట్లు చేస్తుంటాను. అమెరికన్ హిప్‌హాప్ బృందం ఆఫ్రికా బంబాటా అండ్ ద సోల్‌సోనిక్ ఫోర్స్ పాట ‘ప్లానెట్ రాక్’ అంటే నాకు ప్రాణం. అందులోంచి రెండు సెకన్లు కత్తిరించి లూప్ చేసి, దానిమీద తెలుగు ర్యాప్ రాశాను. ఆరు సెకన్ల లోపైతే ఎవరినీ అడగక్కర్లేదని ఫ్రెండ్ అంటున్నాడు. అసలు ఆ పాటే జర్మన్ బ్యాండ్ క్రాఫ్ట్‌వెర్క్ నుంచి శాంపిల్ తీసింది కదా, మరి నేనెందుకు అడగాలి? యూట్యూబ్‌లో పెట్టేయనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఇప్పుడే పెట్టకండి. ఆరు సెకన్లనీ, ఎనిమిది సెకన్లనీ, నాలుగు బార్లనీ (బార్ అంటే తాళంలో ఒక ఆవర్తం) చాలామంది చెబుతుంటారు. అలాంటి లెక్క మన చట్టంలో లేదు, అమెరికా చట్టంలోనూ లేదు.

ఇక మీ రెండో మాట. ‘ప్లానెట్ రాక్’లో క్రాఫ్ట్‌వెర్క్ శాంపిల్, అంటే వాళ్ళ రికార్డింగ్‌లోంచి కత్తిరించిన ముక్క, లేదండీ! ఆ బాణీ 1977 నాటి ‘ట్రాన్స్ యూరప్ ఎక్స్‌ప్రెస్’ది, ఆ దరువు 1981 నాటి ‘నంబర్స్’ది, నిజమే. కానీ 1982లో న్యూయార్క్ స్టూడియోలో ప్రొడ్యూసర్ ఆర్థర్ బేకర్ దగ్గరుండి చేయిస్తే, జాన్ రోబీ ఆ బాణీని కీబోర్డ్ మీద కొత్తగా వాయించాడు, దరువేమో రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్‌తో కొట్టించారు. ఆ మెషీన్ కూడా వాళ్ళది కాదు, పేపర్‌లో ప్రకటన చూసి, సెషన్‌కి 20 డాలర్లు ఇచ్చి, ఆ మెషీన్ సొంతంగా ఉన్న ఒకతన్ని పిలిపించుకున్నారు. మధ్యలో ఢామ్మని పడే ఆర్కెస్ట్రా దెబ్బ ఒకటి ఉంటుంది చూడండి, అది మాత్రం శాంపిలే. ఫెయిర్‌లైట్ అనే కంప్యూటర్ వాయిద్యంతోపాటే వచ్చిన శబ్దం, రష్యన్ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ ‘ఫైర్‌బర్డ్’ రికార్డు నుంచి తీసింది.

మళ్ళీ వాయించుకున్నారు కాబట్టి గొడవ ఉండదనుకుంటాం. ఉంది. ఎందుకంటే ఒక పాటకి రెండు హక్కులుంటాయి. బాణీ, సాహిత్యం మీద హక్కు స్వరకర్తది, రచయితది, వాళ్ళ తరఫున చూసుకునే పబ్లిషర్‌ది. స్టూడియోలో రికార్డయిన ఆ శబ్దం మీద హక్కు వేరే, అది మామూలుగా లేబుల్ (రికార్డు కంపెనీ) చేతిలో ఉంటుంది. బేకర్ వాళ్ళు రెండోదాన్ని ముట్టుకోలేదు, మొదటిదాన్ని వాడేశారు. గొడవవుతుందన్న టెన్షన్ వాళ్ళకీ ఉంది, అందుకే క్రాఫ్ట్‌వెర్క్ బాణీ తీసేయాల్సి వస్తే పెట్టడానికి వేరే బాణీ ఒకటి వాయించి దగ్గర ఉంచుకున్నారు. అదే తర్వాత ప్లానెట్ పెట్రోల్ అనే గ్రూపు పాటగా వచ్చింది, ‘ప్లే అట్ యువర్ ఓన్ రిస్క్’ అని. చివరికి క్రాఫ్ట్‌వెర్క్‌కి డబ్బు కట్టాల్సే వచ్చింది, రికార్డుకి ఒక డాలర్ చొప్పున అని ఆనాటివాళ్ళు చెబుతారు. ఒక్క పాట కోసం వచ్చే సింగిల్ రికార్డు మీద అది చిన్న మొత్తం కాదు. ఆ పాటంటే నాకూ మీ అంత ఇష్టమే, అయినా ఆ డబ్బు క్రాఫ్ట్‌వెర్క్‌కి చేరడం న్యాయమే అంటాను. ఆ బాణీ లేకుండా ఆ పాటని ఊహించుకోండి.

మీరు చేసింది వాళ్ళు చేసినదానికంటే ఒక మెట్టు ఎక్కువ. మీరు రికార్డింగ్‌నే కత్తిరించారు. అంటే ఆ పాటని విడుదల చేసిన టామీ బాయ్ లేబుల్ తరఫువాళ్ళని అడగాలి (2021లో ఆ కంపెనీని రిజర్వాయర్ అనే సంస్థ కొనేసింది), పాట రాసినవాళ్ళ పబ్లిషర్లని అడగాలి, మీ రెండు సెకన్లలో ఆ జర్మన్ బాణీ వినిపిస్తుంటే క్రాఫ్ట్‌వెర్క్ వైపు కూడా. రెండు సెకన్లకి ఇంత కథా అనకండి, క్రాఫ్ట్‌వెర్క్ వాళ్ళే తమ ‘మెటాల్ ఔఫ్ మెటాల్’ నుంచి సుమారు రెండు సెకన్ల దరువు తీసుకున్న జర్మన్ ప్రొడ్యూసర్ మోజెస్ పెల్హామ్ మీద ఏళ్ళ తరబడి కోర్టుల్లో పోరాడారు. ఎంత చిన్న ముక్కైనా, వింటే గుర్తుపట్టేలా ఉంటే, రికార్డింగ్ యజమాని దాన్ని ఆపొచ్చని 2019లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం చెప్పింది.

డిస్క్రిప్షన్‌లో క్రెడిట్ ఇచ్చినా, ‘డబ్బు కోసం కాదు’ అని రాసినా అది పర్మిషన్ కాదు. మెయిల్ పెడితే జవాబు రాకపోవచ్చు, కానీ జవాబు రాలేదంటే ఒప్పుకున్నట్టూ కాదు. మన దగ్గర ఐదేళ్ళు దాటిన పాటకి కవర్ చేసుకునే, అంటే మళ్ళీ పాడి వాయించి రికార్డు చేసుకునే, దారి చట్టంలో ఉంది, ముందుగా నోటీసిచ్చి రాయల్టీ కట్టి. అయితే అనవసరంగా మార్పులు చేయకూడదు, కొత్త ర్యాప్ రాస్తే అది కవర్ కిందికి రాదు.

నా సలహా అడిగితే, ఆ లూప్ తీసేయండి. మీ ర్యాప్ మీదే కదా, అది ఎక్కడికీ పోదు. దాని కింద మీ సొంత బాణీ వేసి చూడండి.

ప్రశ్న: మరి 808 డ్రమ్ శబ్దం వాడితే కూడా కేసవుతుందా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: కాదమ్మా, 808 వాయిద్యం. దాని కిక్, స్నేర్ లాంటి డ్రమ్ శబ్దాలు వాడి మీ దరువు మీరు వేసుకోవచ్చు, తబలా వాయించడానికి ఎవరినీ అడగం కదా. శాంపిల్ ప్యాక్ (రెడీమేడ్ శబ్దాల సెట్) కొన్నా, డౌన్‌లోడ్ చేసినా మాత్రం దాని లైసెన్స్ షరతులు ఒకసారి చదవండి. ఎవరి పాటలోంచో తీసిన లూప్‌లు కూడా కొన్ని ప్యాకుల్లో కలిసి ఉంటాయి.