మాజీ సైనికుడి రికార్డు గురించి రాసే ముందు

చిరంజీవి నరేశ్‌కు, పెదనాన్న ఆశీస్సులు.

మీ మండలంలో పోటీ చేస్తున్న మాజీ సైనికుణ్ణి ఒక పార్టీ కార్గిల్ వీరుడంటుంటే, ఇంకో పార్టీ "వంట చేసి వచ్చాడు" అంటోందని, పత్రికకు ఏం రాయాలో తోచడం లేదని అడిగావు. సైన్యంలో క్లర్కుగా, సర్వీసు ముగించి బయటికి వెళ్లేవారికి ఇచ్చే డిశ్చార్జి పుస్తకాలు నింపుతూనే నా సర్వీసు గడిచింది. అందుకని ఈ విషయంలో నా మాట కాస్త విను.

ముందు ఆ పుస్తకం చూపించమని ఆయననే మర్యాదగా అడుగు. చేరిన తేదీ, ట్రేడు (అంటే చేసిన పని), పతకాలు, నడవడిక, బయటికి వచ్చిన కారణం అందులో ఉంటాయి. నామినేషన్ అఫిడవిట్‌లో వెతికి లాభం లేదు. అక్కడ ప్రధానంగా అడిగేది కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు గురించి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టినా, వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపే అవకాశమే ఎక్కువ.

జనం ఎక్కువగా పొరబడేది పతకాల దగ్గర. 1999 కార్గిల్ యుద్ధానికి రెండు పతకాలున్నాయి. కార్గిల్ ప్రాంతంలోని ద్రాస్, బటాలిక్ లాంటి చోట్ల ఆపరేషన్‌లో ఉన్నవారికి ఆపరేషన్ విజయ్ స్టార్ ఇచ్చారు. ఆ సమయంలోనే ఇతర సరిహద్దు ప్రాంతాల్లో మోహరించిన వారికి ఆపరేషన్ విజయ్ మెడల్ ఇచ్చారు. మెడల్ ఒక్కటే ఉన్న మనిషి కార్గిల్ కొండల్లో పోరాడానంటే, ఎక్కడ, ఏ యూనిట్‌తో అని అడగాల్సిందే. ఈ రెండూ శౌర్య పతకాలు కావు. వీరచక్ర, సేనా మెడల్ లాంటివైతే పేరు భారత గెజిట్‌లో ఉంటుంది.

హోదా విషయంలో తొందరపడకు. సుబేదార్ మేజర్‌గా చేసినవారిలో కొందరికి ఆనరరీ కెప్టెన్, అంటే గౌరవ కెప్టెన్, హోదా దక్కుతుంది. ఆయన కెప్టెన్ అని చెప్పుకుంటే అబద్ధమని రాయవద్దు, ఆనరరీ అన్న మాట చేర్చి రాయి. అలాగే పెన్షన్ లేదు కాబట్టి పారిపోయి వచ్చాడని కూడా అనుకోవద్దు. జవానుకు సర్వీసు పెన్షన్ రావాలంటే పదిహేనేళ్లు నిండాలి. ఇంటి కష్టాల వల్ల అంతకుముందే అనుమతి తీసుకుని వచ్చేసినవారు ఎందరో ఉన్నారు.

"వంటవాడు" అన్న మాట చదివి నాకు ఒళ్లు మండింది. పదిహేను వేల అడుగుల ఎత్తున నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, ప్రెషర్ కుక్కర్ లేకుండా పప్పు ఉడకదు. ఆ చలిలో తెల్లవారకముందే లేచి, స్టవ్ వెలిగించి లంగర్ (సైన్యపు వంటశాల) నడిపినవాడు సైనికుడు కాకపోతే మరెవరు? ఆయన ట్రేడు వంటే అయితే వంటే అని గౌరవంగా రాయి. చేయని యుద్ధం చేశానన్నాడా అన్నదొక్కటే నువ్వు తేల్చాలి.

అమెరికాలో 2004 అధ్యక్ష ఎన్నికల్లో ఇలాంటి గొడవే పెద్ద ఎత్తున జరిగింది. వియత్నాంలో జాన్ కెర్రీ సాధించిన పతకాలను కొందరు మాజీ నావికులు తప్పుపట్టారు. ఆయన పడవలో కలిసి పనిచేసినవారిలో దాదాపు అందరూ ఆయన వైపే నిలబడ్డారు. ఆయన ప్రత్యర్థి జార్జి బుష్ నేషనల్ గార్డ్ (అక్కడి రిజర్వు సైన్యం) సర్వీసు మీద సీబీఎస్ టీవీ కొన్ని పత్రాలు బయటపెట్టి, అవి అసలైనవని నిరూపించలేక క్షమాపణ చెప్పింది. కాబట్టి మీ మండలం అభ్యర్థి యూనిట్‌లోనే ఉన్నవారిని వెతికి మాట్లాడు. ఎవరో వాట్సాప్‌లో పంపిన జిరాక్స్ కాగితాన్ని నమ్మి వార్త రాయకు.

ఇంకో సంగతి. గల్వాన్‌లో అమరుడైన మన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు ఫొటో ఏ పార్టీ ప్రచార ఫ్లెక్సీ మీద కనిపించినా వదలకుండా రాయి. సైనికుల ఫొటోలు ప్రచారానికి వాడవద్దని ఎన్నికల సంఘం 2013లోనే చెప్పింది, 2019లో మళ్లీ గుర్తుచేసింది.

సర్వీసు సంగతి తేలాక, మీ మండలంలోని ఫ్లోరైడ్ నీళ్ల గురించి ఏం చేస్తారని ఆ మాజీ సైనికుణ్ణీ, ఎదుటి అభ్యర్థినీ అడుగు. ఆ జవాబులు వేరే వార్తగా రావాలి.

డిశ్చార్జి పుస్తకం చూపిస్తే కావలసినవి నోటు పుస్తకంలో రాసుకో. పేజీల ఫొటోలు పత్రికలో వేయవద్దు, భార్యాపిల్లల వివరాలు కూడా వాటిలో ఉంటాయి. పొడి అక్షరాలు అర్థం కాకపోతే రాత్రి భోజనాలయ్యాక నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ పెదనాన్న