నీ పరుగు ఎవరికి కనిపించాలో ముందు తేల్చుకో

అమ్మలూ,

నువ్వు పది కిలోమీటర్ల పరుగుకు పేరిచ్చావని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. విన్నప్పట్నుంచీ ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. సంతోషం ఎందుకో నీకు తెలుసు. నా తర్వాత మన ఇంట్లో తెల్లవారకముందే లేచి బూట్ల లేసులు కట్టుకునే మనిషివి నువ్వే. భయం ఎందుకో మాత్రం నీకు తెలియదు, మీ నాన్నకూ తెలియదు. అది చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటూ ఇంకో పని చూసుకుంటావు. కాసేపు కూర్చుని పూర్తిగా చదువు.

ఏ వాచీ కొనాలి, ఏ యాప్ పెట్టుకోవాలి అని మీ నాన్నను అడిగావట. ఏనాడూ పరుగెత్తని మనిషిని అడిగావు, ఇరవై ఏళ్లుగా పరుగెడుతున్న నన్ను అడగలేదు. కోపం వచ్చింది, దాచను.

వాచీ ఇప్పుడే వద్దు. మూడు నెలలు ఫోన్‌తోనే పరుగెత్తు. స్ట్రావా, నైకీ రన్ క్లబ్ లాంటివి డబ్బు కట్టకుండానే ఎంత దూరం వెళ్లావో, ఎంతసేపు పట్టిందో, కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు తీసుకున్నావో చూపిస్తాయి. మొదట్లో అంతకు మించి అక్కర్లేదు. ఫోన్‌లో బ్యాటరీ ఆదా చేసే సెట్టింగ్ ఉంటుంది, అందులో ఈ యాప్‌కు మినహాయింపు ఇవ్వు. లేకపోతే స్క్రీన్ ఆరిపోయాక ఫోన్ దాన్ని మధ్యలో ఆపేస్తుంది. ఇంటికొచ్చి చూసుకుంటే ఇళ్ల పైకప్పుల మీదుగా తిన్నగా ఎగిరి వెళ్లినట్టు మ్యాప్‌లో గీత ఉంటుంది. బయల్దేరే ముందు ఒక్క నిమిషం ఆరుబయట నిలబడి జీపీఎస్ శాటిలైట్ల సిగ్నల్ అందేదాకా ఆగు. ఆ శాటిలైట్లు 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. కనీసం నాలుగింటి సిగ్నల్ అందితే గానీ నువ్వెక్కడున్నావో ఫోన్ సరిగ్గా తేల్చుకోలేదు. ఎత్తైన భవనాల మధ్య ఆ సిగ్నల్ గోడలకు తగిలి చుట్టూ తిరిగి వస్తుంది కాబట్టి అక్కడ దూరం, వేగం రెండూ తేడాగా చూపిస్తాయి. వాటిని పట్టించుకోకు.

మూడు నెలల తర్వాత కూడా పరుగు ఆపకుండా ఉంటే అప్పుడు వాచీ కొనుక్కో. బొత్తాలున్నదే తీసుకో, చెమట చేతికి, వానకి టచ్ స్క్రీన్ సరిగ్గా పనిచేయదు. బ్యాటరీ ఎన్ని రోజులు వస్తుందని అడగకు, జీపీఎస్ ఆన్‌లో ఉంటే ఎన్ని గంటలు వస్తుందని అడుగు. రెండు ఫ్రీక్వెన్సీల మీద సిగ్నల్ పట్టుకునే వాచీలు భవనాల మధ్య బాగా పనిచేస్తాయి, ఖాళీ దారుల్లో పరుగెత్తేవాళ్లకు వాటితో పెద్ద తేడా ఉండదు. ఇక గుండె లెక్క. వాచీ ఆకుపచ్చ లైటును చర్మంలోకి పంపి, రక్తం ప్రవహించే తీరును బట్టి గుండె వేగాన్ని లెక్కగడుతుంది. పట్టీ వదులుగా ఉంటే అడుగుల అదురునే గుండె కొట్టుకోవడం అనుకుంటుంది. నింపాదిగా వెళ్తున్నప్పుడు 170 చూపిస్తే కంగారుపడకుండా నిమిషానికి ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కపెట్టు. చాలాసార్లు అదే అంకె వస్తుంది. పట్టీని మణికట్టు ఎముకకు వేలెడంత పైన బిగించు. ఇంకా కచ్చితంగా కావాలంటే ఛాతీకి కట్టుకునే పట్టీ ఉంటుంది, అది గుండె విద్యుత్తునే నేరుగా కొలుస్తుంది. గుండె గరిష్ఠ వేగం తెలుసుకోవడానికి 220 లోంచి వయసు తీసేసే లెక్క ఉజ్జాయింపు మాత్రమే, దాన్ని పట్టుకుని టెన్షన్ పడకు. కానీ ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా అక్కడే ఆగిపో, డాక్టర్ దగ్గరికి వెళ్లు. అప్పుడు వాచీలో ఏముందో చూడనక్కర్లేదు.

నేను మొదలుపెట్టిన 2005లో నాకివేవీ లేవు. చేతికి మామూలు వాచీ, ఇంట్లో ఒక నోటు పుస్తకం. దూరం ఎలా కొలిచామో నీకు గుర్తుందా? మీ నాన్న స్కూటర్ నడిపాడు, నేను వెనక కూర్చున్నాను, నువ్వు ముందు నిలబడ్డావు. అప్పటికి నీకు ఐదేళ్లు. కిలోమీటర్ల మీటర్‌లో చివరి అంకె మారినప్పుడల్లా "అత్తా, మారింది!" అని అరిచేదానివి. ఒక్కో అంకె వంద మీటర్లు. ముప్పయ్యోసారి నువ్వు అరిచిన చోట రోడ్డు పక్కన ఒక చెట్టు ఉంది. దానికి అమ్మలు చెట్టు అని పేరు పెట్టాం. పదకొండేళ్లు రోజూ ఆ చెట్టు దాకా వెళ్లి తిరిగొచ్చాను. తేదీ, నిమిషాలు పుస్తకంలో రాసి బీరువాలో పెట్టేదాన్ని. ఆ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. నేను తప్ప దాన్ని ఎవరూ చదవలేదు.

2016 చివర్లో మీ మావయ్య వాచీ కొనిచ్చాడు. దానికి తోడు యాప్. అది అడిగినదానికల్లా సరేనని నొక్కుకుంటూ పోయాను. అసలు పేరు పెట్టాను, ఫొటో పెట్టాను. నా పరుగులు ఎవరికి కనిపించాలి అన్న ప్రశ్న ఎక్కడో లోపలి పేజీలో ఉంది, నేను అక్కడిదాకా వెళ్లలేదు. అడక్కుండానే అది అందరికీ అని పెట్టి ఉంది. రోజూ ఉదయం 5:20కి మన గేటు దగ్గర బొత్తాం నొక్కేదాన్ని, తిరిగొచ్చి మన గేటు దగ్గరే ఆపేదాన్ని. వాచీ దానంతట అదే మ్యాప్‌తో సహా యాప్‌లో పెట్టేసేది.

లైకులు రావడం మొదలైంది. అన్నేళ్లు ఒక్కదాన్నే పరుగెత్తాను. ఎవరో చూసి బాగుందంటే నాకు ఎంత బాగా అనిపించిందో నీకు ఎలా చెప్పను? ఒక మనిషి ఏ పరుగునూ వదలకుండా లైకు కొట్టేవాడు. తర్వాత "బాగా పరుగెత్తారు" అని రాసేవాడు. నేను థాంక్స్ చెప్పేదాన్ని. ఒక రోజు "ఇవాళ ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా బయల్దేరారు" అని రాశాడు. ఆ మాట చదివి నేను భయపడాల్సింది. అమ్మలూ, నేను సంతోషించాను. గమనిస్తున్నారే అనుకున్నాను. గేటు దగ్గర నొక్కిన బొత్తాం కన్నా, ఆ రోజు ఆ మాటను అలా చదువుకోవడమే నేను చేసిన పెద్ద తప్పు.

2017 జూన్‌లో ఒక తెల్లవారుజామున అమ్మలు చెట్టు కింద ఒకతను నిలబడి ఉన్నాడు. నేను దగ్గరికి రాగానే నా పేరు చివర గారు తగిలించి పిలిచాడు. "ఇవాళ నెమ్మదిగా వస్తున్నారే" అన్నాడు. అంతే. నా మీద చెయ్యి వేయలేదు, ఇంకో మాట అనలేదు, నవ్వుతూ నిలబడ్డాడు. నేను వెనక్కి తిరిగి ఎప్పుడూ పరుగెత్తనంత వేగంగా పరుగెత్తాను. సగం దూరం వచ్చాక తట్టింది, నేను పరుగెడుతున్న ఇల్లు కూడా అతనికి తెలుసని. ఇంటికి వెళ్లలేకపోయాను. నలుగురు మనుషులు తిరిగే పెద్ద రోడ్డు మీదకొచ్చి, బాగా తెల్లారేదాకా అక్కడే నిలబడ్డాను.

ఆ తర్వాత అతను మళ్లీ కనిపించలేదు. యాప్ తీసేశాను. ఎవరికీ చెప్పలేదు. మోకాలు నొప్పి అన్నాను, మీ మావయ్య నమ్మాడు, మీ నాన్న నూనె పంపాడు. ఏడు నెలలు బూట్లు అటక మీద ఉన్నాయి. తప్పు నాదే కదా, చెబితే ఇక వెళ్లొద్దంటారు కదా అని నోరు మూసుకున్నాను. ఆ ఏడు నెలలు నాకు ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

2018 జనవరిలో పేపర్‌లో ఒక వార్త చదివాను. అంతకు రెండు నెలల ముందు స్ట్రావా ప్రపంచం మొత్తానికి ఒక మ్యాప్ విడుదల చేసింది. జనం పరుగెత్తిన దారులన్నీ అందులో వెలుగుతూ కనిపిస్తాయి. యుద్ధం జరుగుతున్న దేశాల్లో, చీకటిగా ఉన్న ఎడారి మధ్యలో కూడా అక్కడక్కడా గీతలు వెలుగుతున్నాయని ఆస్ట్రేలియా విద్యార్థి ఒకతను గమనించాడు. అవి సైనిక స్థావరాల్లో సైనికులు వ్యాయామానికి పరుగెత్తిన దారులు. ఆ వార్త రెండుసార్లు చదివాను. అంత కాపలా ఉన్న సైన్యాలకే తట్టనిది నాకు తట్టలేదు, అది నేరం ఎలా అవుతుంది అని అప్పుడు మొదటిసారి అనిపించింది. ఆ సాయంత్రం మీ మావయ్యకు మొత్తం చెప్పేశాను. ఆయన ఒక్క మాట అనలేదు. మర్నాడు అటక మీద నుంచి బూట్లు దించి తుడిచి పెట్టాడు. నెల రోజులు నా పక్కనే సైకిల్ మీద వచ్చాడు.

ఇప్పుడు అర్థమైందా, నువ్వు యాప్ గురించి అడిగితే నేను మొదట సెట్టింగ్స్ ఎందుకు అడుగుతానో? ఏ యాప్ అయినా సరే, మొదటి పరుగుకు ముందే దాని ప్రైవసీ పేజీ తెరువు. స్ట్రావాలో అయితే అందరికీ, ఫాలో అయ్యేవాళ్లకు, నీ ఒక్కదానికే అని మూడు ఉంటాయి. మూడోది పెట్టు. అలాంటి సెట్టింగ్ సులువుగా దొరకని యాప్ ఎంత బాగున్నా తీసేయి. వాచీ కొన్నాక ఇంకో సంగతి గుర్తుంచుకో: వాచీ కంపెనీ యాప్ వేరు, దానికి కలుపుకునే ఇంకో యాప్ వేరు, రెండింటి సెట్టింగ్స్ వేరు. ఒకదానిలో దాచి రెండో దానిలో తెరిచి వదిలేస్తారు చాలామంది. సెట్టింగ్ మార్చితే ఇకమీదటి పరుగులే దాగుతాయి, పాతవి విడిగా చూసుకోవాలి.

ఇంటి చుట్టూ కొంత దూరం మ్యాప్‌లో కనబడకుండా దాచే వీలు కొన్ని యాప్‌లలో ఉంది. పెట్టుకో, కానీ దాని మీదే భరోసా పెట్టుకోకు. ఇల్లు మధ్యలో ఉంచి గుండ్రంగా దాచారనుకో, నువ్వు నాలుగు దిక్కులకూ వెళ్లిన పరుగులు పక్కపక్కన పెట్టి చూస్తే గీతలన్నీ ఆ గుండ్రం అంచుల్లోనే ఆగుతాయి. మధ్యలో ఏముందో కనిపెట్టడం కష్టం కాదు. అందుకే ఇంటి నుంచి ఐదు నిమిషాలు నడిచాక బొత్తాం నొక్కు, తిరిగొచ్చేటప్పుడు ముందే ఆపేయి. ఒళ్లు వేడెక్కడానికీ ఆ నడక మంచిదే. వేళ కూడా రోజూ ఒకటే పెట్టుకోకు, దారులు రెండు మూడు మార్చుకో. స్నేహితులకు చూపించుకోవాలని నీకు ఉంటుంది, నాకూ ఉండేది. చూపించు, కాదనను. పరుగు అయ్యాక అంకెలు చూపించు, మ్యాప్ చూపించకు.

ఒక్కరికి మాత్రం నువ్వెక్కడున్నావో తెలియాలి. పరుగు జరుగుతుండగానే లొకేషన్ పంపే సదుపాయం చాలా యాప్‌లలో, వాచీల్లో ఉంది. వాచీ అయినా సాధారణంగా ఫోన్ వెంట ఉండాలి, కాబట్టి ఫోన్ ఇంట్లో వదిలి వెళ్లకు. ఆ ఒక్కరు మీ నాన్న అయితే నిన్ను నిమిషానికోసారి పిలుస్తాడు. నన్ను పెట్టుకో.

ఎవరైనా నీకు నచ్చని మాట రాసినా, దారిలో ఎదురైనా, ముందు నాకు చెప్పు. తప్పు నీదనిపించినా చెప్పు. నీ పరుగు ఆపమని నేను ఎప్పటికీ అనను, ఎవరైనా అంటే ఊరుకోను.

ఇంకో రెండు మాటలు, మర్చిపోకముందే. ఆరు నెలలకోసారి నీ పరుగుల ఫైళ్లు జీపీఎక్స్ రూపంలో (ఏ యాప్‌లోనైనా తెరుచుకునే మ్యాప్ ఫైలు రకం అది) దించుకుని దాచుకో. ఎండోమోండో అనే పేరున్న యాప్ 2020 డిసెంబర్ 31న మూతపడింది. కంపెనీలు వస్తాయి, పోతాయి, నీ లెక్క నీ దగ్గర ఉండాలి. పోటీ రోజున వాచీ పది కిలోమీటర్లు అయిపోయిందని చెప్పినా గమ్యం ఇంకా ముందే ఉంటుంది, నిరుత్సాహపడకు. దారిని కొలిచేవాళ్లు మలుపుల్లో అతి దగ్గరి గీత మీద కొలుస్తారు, తక్కువ పడకూడదని కిలోమీటరుకు ఒక మీటరు కలుపుతారు. నువ్వు మనుషుల్ని తప్పించుకుంటూ అటూ ఇటూ వెళ్తావు. ఆఖరి వంద, రెండు వందల మీటర్లకు కాస్త ఓపిక మిగుల్చుకో.

నువ్వు ఆదివారం మొదలుపెడతావని మీ నాన్న చెప్పాడు. శనివారం రాత్రికల్లా సెట్టింగ్స్ పేజీ ఫొటో తీసి నాకు పంపు. ఆదివారం బయల్దేరే ముందు లొకేషన్ లింకు పంపు. నేను ఐదింటికే లేచి ఫోన్ చేతిలో పెట్టుకుని ఉంటాను.

మీ అత్త