మా కౌన్సెలర్‌కు నేనంటే విసుగొచ్చిందా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. అత్తగారితో పడక, ఐదు నెలలుగా కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నాను. పోయినవారం నేను మాట్లాడుతుంటే ఆవిడ రెండుసార్లు గడియారం చూశారు. "ఇది ముందే అనుకున్నాం కదా" అని కాస్త గట్టిగా అన్నారు. అప్పటినుంచీ టెన్షన్. అత్తగారు మొహం మాడ్చుకున్నా నాకు ఇంతే, నాలుగు రోజులు నిద్ర ఉండదు. మానేయనా?

జవాబు: మీకు అనిపించింది నిజమే కావచ్చు. కౌన్సెలర్లం మాకూ విసుగొస్తుంది, కోపమొస్తుంది. కొందరు ఎదురుగా కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుంది కూడా. మాటలతో మనసుకు వైద్యం చేసే మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్, రోగి మీద వైద్యుడికి కలిగే ఈ భావాలకు 1910లో 'కౌంటర్‌ట్రాన్స్‌ఫరెన్స్' అని పేరు పెట్టినప్పుడు, వైద్యుడు దాటాల్సిన అడ్డంకిగానే చూశాడు. 1949లో విన్నికాట్ అనే బ్రిటిష్ పిల్లల డాక్టరు, మనోవిశ్లేషకుడు కూడా, రోగి మీద మాకు ద్వేషం కూడా కలుగుతుందని, అది మాకు మేం ఒప్పుకోవాలని రాశాడు. మరుసటి ఏడాది పౌలా హైమన్ అనే మనోవిశ్లేషకురాలు, రోగి మనసు తెలుసుకోవడానికి ఆ భావనే పనికొస్తుందని అన్నారు.

నా సంగతే చెప్తాను, వివరాలు మార్చి. ఒకావిడ వస్తున్నారంటే పొద్దున్నుంచే నాకు తలనొప్పి. ఏం చెప్పినా "అదీ చేశానండీ, లాభం లేదు" అనేవారు. మేం పేర్లు చెప్పకుండా సీనియర్లతో కేసులు మాట్లాడుకుంటాం, సూపర్‌విజన్ అంటాం. అక్కడ మొరపెట్టుకుంటే మా సీనియర్ ఒకటే అడిగారు: "ఆవిడ ముందు నువ్వు ఎన్నేళ్లదానివి అయిపోతున్నావమ్మా?" పదేళ్లు! ఎంత చాకిరీ చేసినా మెచ్చని మా మేనత్త ముందు నిలబడ్డ పిల్లని. సగం చిరాకు అక్కడిది. మిగతా సగం నా దగ్గరికొచ్చే ఆవిడ బతుకులోంచి వచ్చింది: ఏం చేసినా చాలదు అనే నిస్సహాయత. సలహాలు ఆపి, "ఇంట్లో మీకూ ఇలాగే ఉంటుందా?" అన్నాను. చాలాసేపు ఏడ్చారు.

ఇప్పుడే మానకండి. ఈసారి వెళ్లగానే, కూర్చున్న ఐదు నిమిషాల్లోపే చెప్పేయండి: "పోయినసారి మీరు విసుక్కున్నట్టు అనిపించింది, వారమంతా అదే ఆలోచన." పని తెలిసిన మనిషైతే మీమీద నెట్టరు, తన వైపు ఏం జరిగిందో చూసుకుంటారు. ఎదుటివారి మొహం చూసి ఊహించుకుని, అడగకుండా నలిగిపోవడం మీకు ఇంట్లోనూ ఉందిగా! అడగడం అక్కడే మొదలుపెట్టొచ్చు. వెటకారం చేసినా, మీ మాటలు బయట చెప్పినా మాత్రం మొహమాటపడకుండా వేరేవాళ్లని చూసుకోండి.

గడియారం సంగతి కూడా అడగండి. బయట ఇంకొకరు ఎదురుచూస్తూ ఉండి ఉండొచ్చు. నేనైతే దాన్ని వచ్చినవాళ్ల కుర్చీ వెనక గోడకు మార్చేశాను, చూసినట్టు తెలియకుండా.