షేర్డ్ ఫోల్డర్: ఒకచోట పాస్‌వర్డ్ గొడవ, ఇంకోచోట సేవ్ కాని గొడవ

మీ ఆడిటర్ ఆఫీసులో కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్ నుంచి మెయిన్ సిస్టమ్ ఫోల్డర్‌లోకి వెళ్తే పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ అడుగుతోంది, పక్క సిస్టమ్‌లోనేమో ఫోల్డర్ తెరుచుకున్నా ఫైలు సేవ్ కావట్లేదు అంటున్నారు. ఇవి రెండు వేరు వేరు గొడవలండి. మొదటిది మీరెవరో మెయిన్ సిస్టమ్ గుర్తుపట్టకపోవడం, రెండోది గుర్తుపట్టి కూడా రాయనివ్వకపోవడం. వైజాగ్‌లో ద్వారకానగర్, డాబాగార్డెన్స్ వైపు చిన్న ఆఫీసుల సిస్టమ్స్ చూస్తుంటాను, ఈ రెండూ కలిపేసి తలపట్టుకునేవాళ్లే ఎక్కువ.

మెయిన్ సిస్టమ్‌ని రోజూ పిన్ కొట్టి తెరుస్తున్నారా? అయితే నా అనుమానం ముందు దాని మీదే. పిన్ ఆ మెషీన్ ముందు కూర్చున్నప్పుడే పనికొస్తుంది, నెట్‌వర్క్‌లో చెల్లదు. అసలు పాస్‌వర్డ్ ఇవ్వాలి. పాస్‌వర్డే పెట్టని అకౌంటైతే బయటి నుంచి అసలు రానివ్వదు. నేనైతే మెయిన్ సిస్టమ్‌లో మనిషికో లోకల్ అకౌంట్ (ఆ మెషీన్‌కే చెందిన అకౌంట్) చేసి, పాస్‌వర్డ్ పెట్టేస్తాను. ల్యాప్‌టాప్‌లో యూజర్‌నేమ్ అడిగినచోట ముందు మెయిన్ సిస్టమ్ పేరు, బ్యాక్‌స్లాష్, ఆ తర్వాత అకౌంట్ పేరు కొట్టండి. అంతకన్నా ముందు కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, ఆ సిస్టమ్ పేరు మీద దాచిన పాత పాస్‌వర్డ్ తీసేయండి. 1219 ఎర్రర్ వస్తే అదే సిస్టమ్‌కి అప్పటికే వేరే పేరుతో కనెక్ట్ అయి ఉన్నారని అర్థం. మ్యాప్ చేసిన డ్రైవ్‌లు (డ్రైవ్ అక్షరం ఇచ్చి పెట్టుకున్న షేర్డ్ ఫోల్డర్లు) డిస్‌కనెక్ట్ చేసి, సైన్ అవుట్ అయి రండి.

షేర్ ఉన్నది పాత నాస్ బాక్సులో (నెట్‌వర్క్‌కి తగిలించి ఫైళ్లు దాచుకునే డబ్బా) అయితే కథ వేరు. 2024లో వచ్చిన 24హెచ్2 అప్‌డేట్ తర్వాత విండోస్ 11 ప్రో పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లను మామూలుగా ఒప్పుకోదు. సెట్టింగ్ మార్చి గెస్ట్‌ని తెరవమని సలహాలిస్తారు, వద్దు. నాస్‌లోనే అకౌంట్ చేసుకోండి.

ఇక సేవ్ సంగతి. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్, సెక్యూరిటీ అని రెండు ట్యాబులుంటాయి. నెట్‌వర్క్ నుంచి వచ్చేవాళ్లకి ఆ రెండింట్లో ఏది తక్కువిస్తే అదే దక్కుతుంది. అడ్వాన్స్‌డ్ షేరింగ్‌లో షేర్ చేస్తే ఎవ్రీవన్‌కి, అంటే అందరికీ, మామూలుగా వచ్చేది రీడ్ (చదవడం) ఒక్కటే. మెయిన్ సిస్టమ్ దగ్గర కూర్చుని ఆ ఫోల్డర్‌ని నేరుగా తెరిస్తే షేరింగ్ పర్మిషన్ లెక్కలోకే రాదు. అందుకే "నాకు బాగానే వస్తోందే" అంటారు సారు! షేరింగ్‌లో ఛేంజ్, సెక్యూరిటీలో మాడిఫై ఇస్తే చాలు. ఫుల్ కంట్రోల్ ఇస్తే పర్మిషన్లు మార్చే అధికారం కూడా ఇచ్చినట్టే.

పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో అన్ని ఫోల్డర్లూ బాగానే ఉండి, ఒక్క పార్టీ బిల్లుల ఫోల్డర్ మాత్రం మొరాయించింది. ఓనర్ గారి సొంత ఫోల్డర్ నుంచి అదే డ్రైవ్‌లో కట్ చేసి పేస్ట్ చేశారు. అలా జరిపితే పాత పర్మిషన్లు వెంటే వస్తాయి. కాపీ చేస్తే కొత్త చోటి పర్మిషన్లు తీసుకుంటుంది. మీకూ ఒకే ఫోల్డర్ ఇలా ఉంటే ఇది చూడండి.

అప్పటికీ కాకపోతే ఎర్రర్ నంబర్ పెట్టండి. 1326 అయితే పేరో పాస్‌వర్డో తప్పు, 5 అయితే పర్మిషన్. 53 అయితే ల్యాప్‌టాప్‌కి మెయిన్ సిస్టమే దొరకట్లేదు. సిస్టమ్ పేరు సరిచూసుకుని, మెయిన్ సిస్టమ్‌లో నెట్‌వర్క్ పబ్లిక్ అని ఉంటే ప్రైవేట్‌కి మార్చండి.